బెంగళూరులో మన వీధి భద్రత: ఇరుగుపొరుగును కలుపుకుని, బీట్ పోలీసుతో పనిచేయడం ఎలా

రెండేళ్ళ కిందట మా సందులో ఒక బైకు పోయింది. కగ్గదాసపుర రైల్వే గేటుకు కాస్త లోపలగా ఉంటుంది మా సందు. బైకు మా కింది వాటాలో ఉండే కుర్రాడిది. ఒంగోలు నుంచి వచ్చి ఆరు నెలలైంది, ఇంకా పద్దెనిమిది కంతులు కట్టాలి. తెల్లారి లేచి చూస్తే స్టాండు వేసిన చోట నూనె మరక మాత్రం మిగిలింది.

సందులో ఐదు కెమెరాలున్నాయి. ఒకటి ఎప్పుడు ఆగిపోయిందో ఆ ఇంటివాళ్ళకే తెలీదు. రెండోది ఎదురింటి బాల్కనీ వైపు తిరిగి ఉంది. మూడోదానికి సాలెగూడు పట్టింది. నాలుగోదాంట్లో బండి తోసుకుపోతున్న ఇద్దరు కనిపించారు, ముఖాలు తెలియలేదు. ఐదోది మెయిన్ రోడ్డు మొదట్లో ఉంది. అందులో ముఖాలు కనబడి ఉండేవి. కానీ నాలుగో కెమెరా డీవీఆర్ (రికార్డు దాచే పెట్టె) గడియారం గంటా పదిహేడు నిమిషాలు వెనక ఉందని మాకు తెలీక, ఐదోదాంట్లో తప్పు సమయం చూసి ఏమీ లేదనుకున్నాం. పొరపాటు తెలిసేనాటికి ఆ రాత్రి రికార్డు చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కేసింది. బైకు దొరకలేదు.

స్టేషన్లో మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "మీ బీట్ కానిస్టేబుల్ ఎవరు?" అంటే మా వీధుల గస్తీ అప్పగించిన కానిస్టేబుల్. అక్కడున్న నలుగురిలో ఒక్కరికీ తెలీదు. పక్కింటివాళ్ళ ఫోన్ నంబరు కూడా మా దగ్గర లేదు. ఆ కుర్రాడు ఆర్నెల్లుగా అక్కడ ఉంటున్నాడని సందులో సగం మందికి ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత మేం నేర్చుకున్నదీ, చేసిందీ, చేసి మానేసిందీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. కెమెరాలూ గేట్లూ కొనడం తేలిక. వీధిలో ఎవరెవరు ఉంటున్నారో తెలుసుకోవడం కష్టం. భద్రత చాలావరకు ఆ రెండో పనిలోనే ఉందని నా గట్టి నమ్మకం, అందుకే ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలవుతుంది.

నగరం వైపు నుంచి ఏమున్నాయి

మన పని మొదలుపెట్టే ముందు ఇప్పటికే ఉన్నవాటిని తెలుసుకోవాలి, లేకపోతే ఉన్నదాన్నే మళ్ళీ కట్టుకుంటూ కూర్చుంటాం.

అత్యవసర నంబరు 112. ఇక్కడ దాన్ని 'నమ్మ 112' అంటారు. ఫోన్ చేస్తే దగ్గర్లో గస్తీ తిరుగుతున్న హొయ్సళ వాహనాన్ని పంపిస్తారు. మహిళల భద్రత కోసం కేంద్రం పెట్టిన నిర్భయ నిధితో వచ్చిన సేఫ్ సిటీ ప్రాజెక్టు కింద నగరంలో ఏడు వేలకు పైగా కెమెరాలు పెట్టారు. వాటిని చూసే కమాండ్ సెంటర్ 2023 నవంబరులో మొదలైంది. కొన్ని కూడళ్ళలో సేఫ్టీ ఐలాండ్లు కనిపిస్తాయి. స్తంభం మీద ఉన్న బటన్ నొక్కితే నేరుగా కంట్రోల్ రూముతో మాట్లాడవచ్చు. కర్ణాటక స్టేట్ పోలీస్ యాప్‌లో కూడా ఆపదలో నొక్కే ఎస్‌ఓఎస్ బటన్ ఉంది.

ఇవన్నీ పరికరాలు. మనుషుల్ని కలిపే ప్రయత్నాలు కూడా జరిగాయి. 2013లో జనాగ్రహ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి నగర పోలీసులు 'ఏరియా సురక్షా మిత్ర' పేరుతో ఆయా ప్రాంతాల వాసుల్ని తీసుకున్నారు. 2023లో 'మాసిక జనసంపర్క దివస' మొదలుపెట్టారు. నెలలో నాలుగో శనివారం పోలీసు అధికారులు కూర్చుని జనం చెప్పేది వింటారు. 2025 జూలైలో హోం మంత్రి జి.పరమేశ్వర 'మనె మనెగె పోలీస్' ప్రారంభించారు. 'ఇంటింటికీ పోలీసు' అని అర్థం. నలభై, యాభై ఇళ్ళను ఒక గుంపుగా చేసుకుని, కానిస్టేబుల్ ఇంటింటికీ వచ్చి పరిచయం చేసుకుని, సమస్యలు అడిగి రాసుకోవాలన్నది పథకం.

పథకం ఉన్నంత మాత్రాన మన గుమ్మంలోకి వచ్చేయదు. పెద్ద నగరం, పోలీసులు తక్కువ. మనం నాలుగడుగులు ముందుకు వేస్తే వాళ్ళకు కూడా పని తేలికవుతుంది.

1. హద్దు గీసుకోండి

మొదటి తప్పు ఇక్కడే చేస్తాం. ఉత్సాహంతో లేఅవుట్ మొత్తాన్ని కలిపి, నాలుగు వందల మందితో ఒక వాట్సాప్ గ్రూపు పెడతాం. వారం తిరగకుండా అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప ఏమీ మిగలవు. మేమూ అదే చేసి, మూసేసి, మళ్ళీ మొదలుపెట్టాం.

నలభై నుంచి అరవై ఇళ్ళు చాలు. ఒక సందు, లేదా రెండు క్రాసులు. చివరి ఇంటి నుంచి పిలిస్తే మొదటి ఇంటివాళ్ళు ఐదు నిమిషాల్లో నడిచి రాగలగాలి. పోలీసులు చేసుకున్న గుంపు కూడా దాదాపు ఇంతే కాబట్టి మీ హద్దు, వాళ్ళ హద్దు కలిసేలా చూసుకుంటే ఇంకా మంచిది.

కాగితం మీద వీధి బొమ్మ గీయండి. ఇళ్ళు, పీజీలు (అద్దె హాస్టళ్ళు), దుకాణాలు, ఖాళీ సైట్లు, ట్రాన్స్‌ఫార్మర్, ప్రతి కరెంటు స్తంభం. స్తంభాల మీద నంబరుంటే అది కూడా రాయండి. ఇది తర్వాత చాలా పనికొస్తుంది.

ఇంకో రెండు సంగతులు తేల్చుకోవాలి. మీ వీధి ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుంది? ఈ ఊళ్ళో రోడ్డుకు ఇవతల ఒక స్టేషన్, అవతల ఇంకొకటి అవడం మామూలే. అడ్రసులో ఉన్న ఏరియా పేరును నమ్ముకోకండి, స్టేషనుకు వెళ్ళి అడగండి. రెండోది, మీ నగరపాలిక ఏది? 2025 సెప్టెంబరు నుంచి నగరమంతటికీ ఒకటే నగరపాలికగా ఉన్న పాత బీబీఎంపీ లేదు. గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు నగరపాలికలయ్యాయి. కె.ఆర్.పురం, మహదేవపుర నియోజకవర్గాల్లో ఉన్నవాళ్ళది ఈస్ట్. వీధి దీపాలు, చెత్త, చెట్ల కొమ్మలు అన్నీ వీళ్ళ పనే.

2. తలుపు తట్టండి

ఆదివారం ఉదయం పదిన్నర మంచి సమయం. టిఫిన్లు అయిపోయి ఉంటాయి, వంటలు మొదలై ఉండవు. ఇద్దరు కలిసి వెళ్ళండి, అందులో ఒకరు ఆడవాళ్ళయితే తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. ఒకరికి కన్నడ వచ్చి ఉంటే సగం పని అయిపోయినట్టే.

అడగాల్సింది తక్కువ: పేరు, ఒక ఫోన్ నంబరు, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఉన్నారా, ఈ వీధిలో ఎక్కడ భయమనిపిస్తుంది. ఆధార్ కాపీలు, ఉద్యోగం వివరాలు, సొంత ఊరు అడగకండి. అవి మనకు అక్కర్లేదు. అద్దెకున్నవాళ్ళ వివరాలు స్టేషనుకు ఇవ్వడం ఇంటి ఓనరు పని, మనది కాదు.

ఇల్లుగలవాళ్ళతో ఆగిపోవద్దు. అద్దెకున్నవాళ్ళు, పీజీ పిల్లలు, వాచ్‌మన్ కుటుంబం, ఇళ్ళలో పనిచేసే అక్కలు, కిరాణా కొట్టు, కొబ్బరిబోండాల బండి, వీళ్ళందరూ ఆ వీధి మనుషులే. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయనది కుప్పం. పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిది వరకు ఆ చెట్టు కిందే ఉంటాడు. రెండో వారం ఆయనతో మాట్లాడితే బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, "ఆ గల్లీలో లైటు పొయ్యి రెండు నెల్లయింది సార్. ఆడబిడ్డలు ఆడికొచ్చేటప్పటికి ఫోను చెవికాడ పెట్టుకోని పరిగెత్తతారు. ఎవురూ మాట్లాడకపోయినా మాట్లాడినట్టు నడస్తారు," అన్నాడు. ఐదేళ్ళుగా ఆ గల్లీలో నడుస్తున్న నాకు ఆ సంగతి తట్టలేదు. మా కాగితం మీద మొదటి ఎర్ర చుక్క ఆయన చెప్పిన చోట పెట్టాం.

మారతహళ్ళి, మున్నేకొళాల వైపు వీధికి పది పీజీలుంటాయి, నడిపేవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. పీజీ మేనేజర్ని తప్పకుండా కలుపుకోండి. 2024లో ఒక పీజీలో జరిగిన హత్య తర్వాత నగరపాలిక పీజీలకు నిబంధనలు తెచ్చింది. రాకపోకల దారుల్లో కెమెరాలు ఉండాలి, రికార్డు 90 రోజులు దాచాలి. "తమ్ముడూ, మీ పీజీలో ఇది ఉందా?" అని మెల్లగా అడగడం ఆ పిల్లల కోసం మనం చేయగలిగిన చిన్న సాయం.

3. బీట్ కానిస్టేబుల్ని కలవండి

ఇద్దరో ముగ్గురో వెళ్ళండి, గుంపుగా వద్దు. చేతిలో వీధి బొమ్మ ఉండాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫిర్యాదు తీసుకెళ్ళకండి. పరిచయం చేసుకోండి, మీ బీట్ ఎవరో అడిగి తెలుసుకోండి, మీ తరఫున ఫోన్ ఎత్తే ఇద్దరి పేర్లు ఇవ్వండి. ఆయన ఫోన్ నంబరు ఇస్తే దాన్ని గ్రూపులో పడేయకుండా ఆ ఇద్దరి దగ్గరే ఉంచండి. అరవై మంది అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఏ మనిషైనా ఎత్తడం మానేస్తాడు.

కన్నడం రాకపోతే సిగ్గుపడక్కర్లేదు, కానీ రెండు మాటలు నేర్చుకుని వెళ్తే ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది. "నమస్కార సర్, నావు ఇదే రోడ్నల్లి ఇర్తీవి" అంటే మేం ఈ రోడ్డులోనే ఉంటాం అని. మన వీధి వాళ్ళకు బీది, వీధి దీపం బీది దీప. "బీది దీప ఉరీతా ఇల్ల": వీధి దీపం వెలగడం లేదు. మన 'వ' అక్కడ 'బ' అవుతుందని పట్టుకుంటే సగం కన్నడం వచ్చేసినట్టే అనిపిస్తుంది, ఆ ధైర్యంతోనే మాట్లాడేయండి.

నాలుగో శనివారం సభ మీ స్టేషన్లో ఎన్నింటికో అప్పుడే అడగండి. వెళ్ళినప్పుడు ఒకే ఒక్క సమస్య, కాగితం మీద, రెండు ఫొటోలతో. పది సమస్యలు చెబితే అన్నీ గాలికి పోతాయి.

4. రాత్రి నడక

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పని. ఖర్చు సున్నా. 1989లో కెనడాలోని టొరంటోలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి ఇది. తమ వీధుల్లో తామే రాత్రి నడిచి ఎక్కడ భయం వేస్తుందో, ఎందుకు వేస్తుందో రాసుకున్నారు. సేఫ్టీ ఆడిట్ అనే పేరుతో ప్రపంచమంతా పాకింది.

ఎనిమిదిన్నర తర్వాత బయల్దేరండి. ఆరేడుగురు చాలు, సగానికి పైగా ఆడవాళ్ళుండాలి. ఒక కాలేజీ అమ్మాయి, కర్ర పట్టుకుని నడిచే ఒక పెద్దాయన ఉంటే మరీ మంచిది. ముందు నడవాల్సింది వాళ్ళే. మగవాళ్ళు వెనక నడుస్తూ రాసుకోవాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. మగవాళ్ళు ముందుంటే మాటలు వాళ్ళవే వినిపిస్తాయి. మా మొదటి నడకలో అదే జరిగింది, ఆ రోజు రాసుకున్న కాగితం దేనికీ పనికిరాలేదు.

ప్రతి స్తంభం దగ్గర ఆగండి. దీపం వెలుగుతోందా? వెలుగుతుంటే ఆ వెలుగు నేల మీద పడుతోందా? ఇక్కడే అసలు సంగతి ఉంది. మా సందులో పద్నాలుగో స్తంభం దీపం చక్కగా వెలుగుతోంది. కానీ దాని చుట్టూ కానుగ చెట్టు కమ్ముకుని, వెలుగంతా ఆకుల మీద పడుతోంది. కింద చీకటి. ఫిర్యాదు చేస్తే లైనుమన్ వచ్చి, పైకి చూసి, "వెలుగుతోంది కదా" అని వెళ్ళిపోతాడు, ఆయన చెప్పింది నిజమే. అది దీపం ఫిర్యాదు కాదు, కొమ్మల ఫిర్యాదు. ఎవరికి ఏమని చెప్పాలో తెలియడానికి ఆ స్తంభం కింద నిలబడి తలెత్తి చూడాలి.

ఇరవై అడుగుల దూరంలో ఒకర్ని నిలబెట్టి ముఖం కనిపిస్తోందా చూడండి. కనబడకపోతే ఎర్ర చుక్క. మలుపు తిరిగేముందు అవతల ఏముందో తెలుస్తుందా? ఫుట్‌పాత్ రాయి విరిగి జనం రోడ్డు మీదికి దిగాల్సివస్తోందా? ఆగి ఉన్న కార్ల మధ్య ఎవరైనా దాక్కునేంత చీకటి ఉందా? ఖాళీ సైట్లో ముళ్ళకంప, సీసాలు? తలుపులేసుకున్న దుకాణాల వరస ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ ఎవరైనా కేకేస్తే వినేవాళ్ళున్నారు?

నడక అయ్యాక వీధి చివర నిలబడి ఒక్కొక్కరినీ అడగండి: ఎక్కడ మీ అడుగు వేగం పెరిగింది? సమాధానాలు కలిసే చోటు మీ మొదటి పని.

తర్వాత ఫిర్యాదులు పంచుకోవాలి. వీధి దీపం, కొమ్మలు, చెత్త, ఫుట్‌పాత్ నగరపాలికవి, ఫోన్ 1533. వేలాడే కరెంటు తీగ, తెరిచి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె కరెంటు సంస్థ బెస్కామ్‌వి, 1912. మ్యాన్‌హోల్ మూత జలమండలిది, 1916. వీధి దీపానికి బెస్కామ్‌కు ఫోన్ చేసి కోప్పడేవాళ్ళను చాలామందిని చూశాను, దీపం వాళ్ళది కాదు. ఫిర్యాదులో స్తంభం నంబరు, దగ్గర్లో గుర్తు, ఫొటో ఉండాలి. వచ్చిన ఫిర్యాదు నంబరును తేదీతో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఫోన్లో కాదు, పుస్తకంలోనే. అది చేతులు మారగలదు. పది రోజుల్లో కాకపోతే నాలుగో శనివారం కాగితంలో అదే నంబరు వేసి తీసుకెళ్ళండి. దీపం పోలీసుల పని కాకపోయినా, వాళ్ళు ఒక మాట చెబితే ఇంజనీరు దగ్గర కదలిక వస్తుంది.

మా గల్లీ దీపం మూడు ఫిర్యాదుల తర్వాత, ముప్పై ఎనిమిదో రోజు వెలిగింది. ఆ సాయంత్రం ఇస్త్రీ పెద్దాయన బండి మూసేయకుండా తొమ్మిది దాకా అక్కడే కూర్చున్నాడు.

5. కెమెరాలు

ఉన్నవి పనిచేసేలా చూసుకోండి, కొత్తవి తర్వాత. నెలకోసారి మూడు పనులు: అద్దం తుడవడం, గడియారం సరిచూడడం, ఎన్ని రోజుల వెనక్కి రికార్డు ఉందో వెతికి చూడడం. గడియారం సరిచూడడం ఎలాగంటే, అందరూ ఒకే సమయంలో ఫోన్ గడియారాన్ని, డీవీఆర్ తెరను పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. తేడా ఉంటే సరిచేయండి. ఇంటర్నెట్‌కు కలిపిన డీవీఆర్ అయితే సమయం దానంతటదే సరిపోయేలా సెట్టింగులో పెట్టుకోవచ్చు. ఈ ఒక్క పని ముందు చేసి ఉంటే మా కింది వాటా కుర్రాడి బైకు దొరికేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కెమెరా మీ గేటునూ, దాని ముందు రోడ్డునూ చూడాలి. ఎదురింటి బాల్కనీని, కిటికీని చూడకూడదు. మాకు అలా తిరిగి ఉన్న కెమెరా సంగతి ఎదురింటి అమ్మాయి ఏడాదిగా మనసులో పెట్టుకుందట, రాత్రి నడకలో బయటపెట్టింది. మర్నాడే తిప్పించాం.

ఒకేసారి వంద మంది, లేదా రోజుకు ఐదు వందల మంది వచ్చే చోట్లలో, అంటే దుకాణ సముదాయాలు, ఆస్పత్రులు, బళ్ళు, గుళ్ళు వంటివాటిలో కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు దాచాలని 2017 నాటి కర్ణాటక ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. మీ వీధి మొదట్లో అలాంటి చోటు ఉంటే దాని మేనేజర్‌తో ముందే పరిచయం పెట్టుకోండి. అవసరం వచ్చిన రోజు వెళ్ళి అడిగితే సెక్యూరిటీ లోపలికే పోనివ్వడు.

దొంగతనం జరిగితే తెరను ఫోన్‌తో వీడియో తీసి గ్రూపులో పెట్టడం ఆపండి. అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, డీవీఆర్‌ను కదిలించకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. పోలీసులు దాని మీద మీ సంతకం అడుగుతారు. భయపడి వెనక్కి తగ్గకండి.

6. వాచ్‌మన్

ఏజెన్సీ ద్వారా పెట్టుకుంటే ఆ ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందా చూడండి. అది లేని ఏజెన్సీ మనిషికి శిక్షణ కూడా ఉండకపోవచ్చు. మరో మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను: ఇరవై నాలుగు గంటలు ఒకే మనిషిని కూర్చోబెట్టి, మరుగుదొడ్డి లేకుండా, పడుకునేచోటు మెట్ల కింద ఇచ్చి, రాత్రి మెలకువగా ఉండమంటే అది కాపలా కాదు. షిఫ్టులుండాలి. కుర్చీ, దీపం, మంచినీళ్ళు, ఛార్జి ఉన్న ఫోను, అందులో 112తో పాటు వీధి తరఫున ఫోన్ ఎత్తే ఆ ఇద్దరి నంబర్లు. ఇవి ఇచ్చాక మెలకువగా ఉండమని అడగండి.

7. వాట్సాప్ గ్రూపు, అనుమానం

ఈ భాగం రెండుసార్లు చదవమని అడుగుతాను.

గ్రూపు పెట్టిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఒక ఫొటో వచ్చింది. పంచె కట్టుకున్న ఒక ముసలాయన, చేతిలో గోనెసంచి, ఒక్కో గేటు దగ్గర ఆగి లోపలికి తొంగిచూస్తున్నాడు. కింద "జాగ్రత్త, దొంగలా ఉన్నాడు" అని. పది నిమిషాల్లో అది మూడు గ్రూపులు దాటింది. ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వెళ్ళి ఆయన్ను ఆపి, చెయ్యి పట్టుకుని సంచి లాక్కున్నారు. సంచిలో వేరుశనక్కాయలు, రెండు కొబ్బరికాయలు, చిన్న స్టీలు డబ్బాలో సున్నుండలు. కదిరి పక్క ఊరి నుంచి కొడుకును చూడటానికి వచ్చాడు. ఫోన్లో ఛార్జి లేదు. "మావోడు ఏడో నెంబరని చెప్పినాడు నాయనా, ఈడ నెంబర్లు వరసగా లేవే," అంటున్నాడు. ఆయన కొడుకు మా సందులోనే, ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఫొటో చూశాడు, మీటింగులో ఉండి పెద్దది చేసి చూడలేదు.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఆయన కింద దొర్లిన కాయలు ఏరుకుంటున్నాడు. నేనూ కూర్చుని ఏరాను. ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆ రోజు అక్కడితో ఆగింది. 2018 మేలో ఇదే నగరంలో చామరాజపేట దగ్గర ఆగలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పాకిన వదంతిని నమ్మి, రాజస్థాన్ నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఒక యువకుణ్ణి జనం కొట్టి చంపారు. మనమూ ఈ ఊరికి బయటి నుంచి వచ్చినవాళ్ళమే. భాష రాక, అడ్రసు తెలీక, గేట్ల దగ్గర తచ్చాడిన రోజులు మనందరికీ ఉన్నాయి.

అందుకే మా గ్రూపు నియమాలు కొన్నే, కానీ కచ్చితం. తెలియని మనిషి ఫొటో పెట్టకూడదు, ఏ కారణంతోనూ. మనిషిని కాదు, జరుగుతున్న పనిని రాయాలి: "పన్నెండో ఇంటి తాళం ఎవరో పగలగొడుతున్నారు" అని రాస్తే అది కబురు, "ఎవడో వింతగా ఉన్నాడు" అని రాస్తే కాదు. మతం, కులం, రాష్ట్రం, వేషం ప్రస్తావన వస్తే ఆ పోస్టు తీసేస్తాం. నేరం కళ్ళముందు జరుగుతుంటే ముందు 112, తర్వాతే గ్రూపు. ఎవరైనా తప్పిపోయినట్టు కనిపిస్తే దగ్గరికెళ్ళి "ఎవరి ఇల్లు కావాలండీ?" అని అడగాలి. ఆ ప్రశ్న దారి తప్పినవాడికి సాయం, చెడ్డ ఉద్దేశంతో వచ్చినవాడికి ఎవరో చూస్తున్నారన్న హెచ్చరిక. రెండు పనులూ చేస్తుంది.

చట్టం కూడా తెలుసుకోండి. మీ కళ్ళెదుట బెయిలు దొరకని, నేరుగా కేసు పెట్టదగిన నేరం జరిగితే సామాన్యుడు కూడా పట్టుకోవచ్చు, కానీ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 ఇది. అనుమానం మీద ఆపడానికీ, సంచి వెతకడానికీ, చెయ్యి చేసుకోవడానికీ ఎవరికీ హక్కు లేదు. ఐదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి కులం, భాష, పుట్టిన ఊరు, వ్యక్తిగత నమ్మకం వంటి కారణంతో మనిషిని చంపితే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103 కింద ఆ గుంపులోని ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం పడవచ్చు.

8. అవసరం వచ్చినప్పుడు

112కి ఫోన్ చేస్తే మొదట చోటు చెప్పండి, తర్వాత విషయం. లైను తెగినా బండి బయల్దేరగలదు. మెయిన్, క్రాస్ నంబరు, దగ్గర్లో అందరికీ తెలిసిన గుడో బడో, స్తంభం నంబరు. "హత్తిర" అంటే దగ్గర. "ఇల్లి గలాటె ఆగ్తా ఇదె, బేగ బన్ని" అంటే ఇక్కడ గొడవ జరుగుతోంది, త్వరగా రండి. ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పినా తీసుకుంటారు. హొయ్సళ వచ్చేదాకా ఒకరు మెయిన్ రోడ్డు దగ్గర నిలబడి దారి చూపించాలి. మన సందుల్లో ఆ ఒక్క మనిషి వల్ల చాలా నిమిషాలు కలిసొస్తాయి.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930, అదీ వెంటనే, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. పిల్లలకు 1098, మహిళలకు 181. పెద్దవాళ్ళకు నగర పోలీసులు, నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు కలిసి నడిపే 1090. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇంట్లో ఫోను పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

స్టేషన్లో "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని మర్యాదగా అడగండి. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం.

9. సంక్రాంతి

మన తెలుగువాళ్ళకు దీని గురించి విడిగా చెప్పాలి. సంక్రాంతికి మడివాళ, మారతహళ్ళి, కళాసిపాళ్యల్లో బస్సులు నిండి బయల్దేరిన రాత్రి నుంచి మా సందులో సగం ఇళ్ళకు తాళాలే. పైగా పండగ రోజుల్లో ఏ ఇంట్లో మనుషులు లేరో ఎవరూ అడగక్కర్లేదు, ముగ్గు లేని గుమ్మమే చెప్పేస్తుంది.

ఆంధ్రలో పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది, తాళం వేసిన ఇంటి మీద నిఘా పెడతారు, మీలో కొందరు వాడి ఉంటారు. ఇక్కడ మేం చేసేది ఇది: పండగకు వారం ముందే ఎవరు ఎప్పుడు వెళ్తున్నారో ఆ ఇద్దరికి మాత్రం చెబుతారు, గ్రూపులో కాదు. వాళ్ళు బీట్ కానిస్టేబుల్‌కు జాబితా ఇస్తారు. పాలు, పేపరు ఆపించాలి. బయట దీపం పగలంతా వెలగనివ్వకూడదు, అది ముగ్గు లేని గుమ్మం కంటే గట్టిగా చెబుతుంది. తాళం గ్రిల్ లోపలి వైపు వేయండి. నగలు బ్యాంకు లాకరులో. రైల్లో కూర్చుని ఫొటోలు పెట్టడం తిరిగొచ్చాక చేసుకోవచ్చు.

మా సందులో ఉండిపోయేవాళ్ళు ఎక్కువగా కన్నడిగులు, తమిళులు. గత రెండు సంక్రాంతులకూ ఎదురింటి కన్నడ అక్క తన వాకిలితో పాటు తాళాలేసిన ఆరు గుమ్మాల ముందూ ముగ్గు పెట్టింది. మేం ఉగాదికి ఆవిడ ఊరెళ్ళినప్పుడు ఆ బాకీ తీరుస్తాం.

10. కొనసాగించడం

నెలకో అరగంట కలవండి, అంతకంటే వద్దు. మూడు నెలలకోసారి రాత్రి నడక. ఫోన్ ఎత్తే ఇద్దరూ ఆర్నెల్లకు మారాలి, లేకపోతే అలసిపోతారు, లేదా పెత్తనం వస్తుంది. ఇక్కడ అద్దె ఒప్పందాలు పదకొండు నెలలవి, మనుషులు మారుతూనే ఉంటారు. కాబట్టి కొత్తవాళ్ళు సామాను దించిన వారంలోపు ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టాలి, వెళ్ళిపోయేవాళ్ళు తమ పని ఎవరికైనా అప్పగించి వెళ్ళాలి.

మా నోటుపుస్తకం మొన్నటిదాకా కింది వాటా కుర్రాడి దగ్గరుండేది. బైకు పోయిన అబ్బాయే. ఈమధ్య ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్తూ పైకి వచ్చి పుస్తకం నా చేతిలో పెట్టాడు. చివరి పేజీలో అతని రాత: "పద్నాలుగో స్తంభం, మళ్ళీ కొమ్మలు అడ్డొచ్చాయి. 1533కి చెప్పాను. సోమవారం చూడండి, అన్నా." సోమవారం రాత్రి వెళ్ళి చూశాం. ఇంకా కొట్టలేదు. అక్కడి నుంచే మళ్ళీ ఫోన్ చేసి, కొత్త ఫిర్యాదు నంబరు కింది వరసలో రాశాను.